విండోస్ 11కి మారాలా: జనం తిట్లలో వినాల్సినవి ఏవి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మండల కేంద్రంలో నాన్నగారి జిరాక్స్, డీటీపీ షాపు. అందులో 2019లో కొన్న ఎనిమిదో తరం ఐ3 కంప్యూటర్. ఇంట్లో చెల్లెలు చదువుకోవడానికి వాడేది 2015 నాటి నాలుగో తరం ఐ5. రెండింటిలోనూ విండోస్ 10. షాపు కంప్యూటర్ తెర మీద విండోస్ 11కి మారమని రోజూ అడుగుతోంది. నెట్‌లో ఎక్కడ చూసినా తిట్లే. "ఇంతమంది తిడుతున్నారంటే నిజంగానే అంత చెడ్డదా, లేక కొత్తది ఏదొచ్చినా జనం ఇలాగే అంటారా" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి షాపు కంప్యూటర్‌ని మార్చండి, కానీ ఈ వారం కాదు. ఇంట్లోదాన్ని మార్చకండి, దానికి వేరే దారి ఉంది. ఎందుకన్నది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సర్వీస్ పని మొదలుపెట్టి ఇరవై ఐదేళ్లు దాటింది. ఎక్స్‌పీ వచ్చినప్పటి నుంచి ప్రతి విండోస్ గురించీ జనం ఏమన్నారో ఎదురుగా నిలబడి విన్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, అందరూ కలిసి గట్టిగా అరిచే ఫిర్యాదు, మీ పని ముంచేసే ఫిర్యాదు చాలాసార్లు ఒకటి కావు. రెండోది ఎక్కడో పది మంది చెప్పి ఊరుకుంటారు. మీరు వెతకాల్సింది దాన్ని.

అలాగని గట్టిగా అరిచేవాళ్లది వట్టి గోల అనుకోకండి. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చింది. కింద ఎడమ మూలన పదిహేడేళ్లుగా ఉన్న స్టార్ట్ బటన్ తీసేశారు. దాని బదులు తెరంతా రంగురంగుల పలకలు. ఆ నెలల్లో నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న: "సార్, దీన్ని ఎలా ఆపాలి?" షట్‌డౌన్ ఎక్కడుందో దొరక్క స్విచ్ బోర్డు దగ్గర కరెంటు తీసేసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో లెక్కల మాస్టారు ఒకరు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన ఒకరు. వాళ్లకు తెలివి తక్కువా? కాదు. మౌస్‌ని కుడి పక్కకు తీసుకెళ్తే ఒక పట్టీ బయటికొస్తుందని, అందులో సెట్టింగ్స్, అందులో పవర్ ఉంటాయని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? జనం తిట్టిన తిట్లకే ఏడాది తిరక్కుండా 2013 అక్టోబర్‌లో 8.1తో స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది. పూర్తి స్టార్ట్ మెనూ 2015 జూలైలో విండోస్ 10తో వచ్చింది. అప్పుడు అందరూ సర్దుకుపోయి ఉంటే అది వచ్చేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

విండోస్ 11 మీద తిట్లలో పెద్ద భాగం ఈ రకమే. 2021 అక్టోబర్ 5న అది విడుదలైనప్పుడు టాస్క్‌బార్ (తెర అడుగున ఉండే పట్టీ) మీది బటన్లు మధ్యలోకి వచ్చాయి. ఆ పట్టీని తెర పైకో పక్కకో జరుపుకునే వీలు పోయింది. ఫైల్‌ని టాస్క్‌బార్ మీది ప్రోగ్రామ్‌లోకి లాగి వదిలే వీలూ పోయింది. రైట్ క్లిక్ చేస్తే సగం మెనూనే వస్తుంది, మిగతాది చూడాలంటే ఇంకో నొక్కు. బయటివాళ్లకు ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ మీ నాన్నగారిలాంటి వారికి చేతికి అలవాటైన పద్ధతే పెట్టుబడి.

ఒక సంగతి చెబుతాను. నాకు తెలిసిన ఒక డీటీపీ షాపులో యాభై ఏళ్లు దాటిన ఆవిడ ఆపరేటర్. విండోస్ 10లో ఆవిడ తెర కింద ఎప్పుడూ ఆరేడు ఫైళ్లు వరుసగా పేర్లతో కనబడేవి. కుల ధ్రువీకరణ దరఖాస్తు ఒకరిది, అద్దె ఒప్పందం ఇంకొకరిది, శుభలేఖ మరొకరిది. చూపు కిందికి వాల్చితే చాలు, ఎవరిది ఎక్కడుందో తెలిసిపోయేది. 2022 మొదట్లో వాళ్ల అబ్బాయి విండోస్ 11 వేశాడు. ఆరు ఫైళ్లూ ఒకే బొమ్మ కిందికి వెళ్లిపోయాయి. పేర్లు లేవు. ఆ మధ్యాహ్నం ఒకరి అద్దె ఒప్పందం స్టాంపు పేపర్ మీద ఇంకొకరి పేరుతో ప్రింట్ అయింది. స్టాంపు పేపర్ ఖర్చు ఆవిడే పెట్టుకుంది. పేర్లు విడివిడిగా చూపించే సౌకర్యాన్ని 2023లో తిరిగి ఇచ్చారు. లాగి వదిలే వీలు అంతకు ముందు ఏడాదే వచ్చింది. అంటే మీరు నెట్‌లో చదువుతున్న తిట్లలో చాలా వాటికి ఇప్పటికే పరిష్కారం వచ్చేసింది, రాసినవాళ్లు మాత్రం తీసేయలేదు. తిట్టు చదివేటప్పుడు ముందు దాని తేదీ చూడండి.

ఇక నాన్నగారి కోసం: టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి. టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో బటన్లు ఎడమకు జరిపేది ఒకటి, 'కంబైన్' అన్న చోట 'నెవర్' పెట్టేది ఒకటి ఉంటాయి. రెండూ మార్చి, ఆ తర్వాతే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టండి. పాత రైట్ క్లిక్ మెనూ కావాలంటే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కాలి. కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి.

ఇప్పుడు ఆ రెండో రకం ఫిర్యాదు. 2018 అక్టోబర్ 2న విండోస్ 10కి 1809 అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. వేసుకున్న కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. కారణం తర్వాత బయటపడింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కు మళ్లించుకుని, పాత చోట కొన్ని ఫైళ్లు అలాగే వదిలేసినవాళ్లు ఉంటారు. అప్‌డేట్ ఆ పాత ఫోల్డర్ ఇక అక్కర్లేదని అనుకుని, లోపల ఫైళ్లున్నా తుడిచేసింది. నాలుగు రోజుల్లోనే అప్‌డేట్ ఆపేశారు, సరిచేసి నవంబర్ 13న మళ్లీ వదిలారు. ఫైళ్లు పోయాయని చెప్పినవాళ్లు 0.01 శాతమే, అంటే పదివేల అప్‌డేట్లకు ఒకటి, అని మైక్రోసాఫ్టే చెప్పింది. లెక్కకు చిన్నదే. కానీ ఆ ఒక్కరికి పోయింది మొత్తం పోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. విడుదలకు ముందే పరీక్షకులు కొందరు ఈ సంగతి మైక్రోసాఫ్ట్‌కి ఫిర్యాదులు పంపే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. వాటికి ఓట్లు పెద్దగా పడలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. తర్వాతే ఫిర్యాదు ఎంత తీవ్రమైనదో కూడా చెప్పే వీలు ఆ హబ్‌లో పెట్టారు. మన డీటీపీ షాపుల్లో 'డేటా అంతా డీలో పెట్టు' అన్నది మొదటి పాఠం. అంటే ఆ దెబ్బ తగిలే అవకాశం మనలాంటి వాళ్లకే ఎక్కువ. అందుకే ఏ అప్‌డేట్ వచ్చినా నేను ముందు వెతికేది అది ఎలా కనిపిస్తోందన్నది కాదు. ఫైల్ పోయిందని, మెషిన్ లేవడం లేదని, ప్రింటర్ పలకడం లేదని ఎవరైనా చెప్పారా అన్నది. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ రిలీజ్ హెల్త్ అనే పేజీ ఉంది. తెలిసిన లోపాలన్నీ వాళ్లే అక్కడ రాస్తారు. ఏ అప్‌డేట్‌తో వచ్చింది, సరిచేశారా లేదా, అన్నీ ఉంటాయి. వెయ్యి తిట్లు చదవడం కంటే ఆ ఒక్క పేజీ చదవడం మేలు.

ఈ మధ్యదే ఒక ఉదాహరణ. విండోస్ 10కి మద్దతు ముగిసిన 2025 అక్టోబర్ 14నే విండోస్ 11కి నెలవారీ అప్‌డేట్ వచ్చింది. దాంతో, మెషిన్ పాడైతే వాడే రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. మామూలుగా వాడుకునేవాళ్లకు ఆ సంగతే తెలియదు. మెషిన్ లేవక రికవరీలోకి వెళ్లినవాళ్లకు మాత్రం తెర ముందు చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఆరు రోజుల్లో, అక్టోబర్ 20న, దానికి ప్రత్యేకంగా మరో అప్‌డేట్ ఇచ్చారు. నేను ఎవరికైనా రెండు మూడు వారాలు ఆగమని చెప్పేది ఇందుకే. విండోస్ 11లో అప్‌డేట్లను ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు.

ఆగమన్నాను కదా అని అసలు మానేయకండి. 2017 మార్చిలో విండోస్‌లో ఒక లోపానికి మందు వచ్చింది. వేసుకోనివాళ్ల మెషిన్ల మీద మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా అందులో చిక్కుకున్నాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. మధ్యలో రెండు నెలల టైమ్ ఉంది, వేసుకుని ఉంటే సరిపోయేది. ఫోన్ల విషయంలో మన భాషకే జరిగింది ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిపి ఎవరైనా పంపితే ఐఫోన్లో మెసేజ్ యాప్ కూలిపోయేది. ఆ గుర్తు లేకుండా మనం మామూలుగా రాసే జ్ఞానం, విజ్ఞానం బాగానే ఉండేవి. ఐఓఎస్ 11.2.6తో ఫిబ్రవరి 19న అది సర్దుకుంది. అప్పుడు కొందరు 'అప్‌డేట్ వేస్తే ఫోన్ నెమ్మదిస్తుంది' అని వేసుకోకుండా, వాట్సాప్ తెరవడానికే భయపడుతూ తిరిగారు.

షాపుకి తిరిగి వద్దాం. మీకు అసలు చిక్కు వచ్చేది మూడు చోట్ల: స్కానర్, తెలుగు ఫాంట్లు, పాత సాఫ్ట్‌వేర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే మెషిన్‌కి గుచ్చాల్సిన చిన్న పరికరం).

విండోస్ 10లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలున్నాయి; విండోస్ 11 మాత్రం 64 బిట్‌లోనే వస్తుంది. మీ షాపు విండోస్ 10 ఇప్పుడు 32 బిట్‌దైతే, పాత స్కానర్ డ్రైవర్ (దాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) కూడా 32 బిట్‌దే అయి ఉంటుంది. అది కొత్తదానిలో ఎక్కదు. పైగా 32 నుంచి 64కి మారాలంటే మొత్తం కొత్తగా వేసుకోవాల్సిందే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే ఏ బిట్ అన్నది రాసి ఉంటుంది. మీకు తెర మీద అప్‌గ్రేడ్ చేసుకోమని వస్తోంది కాబట్టి 64 బిట్‌దే అయ్యుండాలి, అయినా చూడండి. రైస్ మిల్లుల్లో ఇప్పటికీ విండోస్‌కి ముందటి డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో లెక్కల ప్రోగ్రాములు నడుస్తుంటాయి. వాటిని 32 బిట్ విండోస్ మీదే నెట్టుకొస్తున్నారు. అలాంటివాళ్లు ఎవరైనా మీ షాపుకి వచ్చి సలహా అడిగితే, ముందు ఆ ప్రోగ్రామ్‌ని పాత డాస్ ప్రోగ్రాముల్ని కొత్త మెషిన్ మీద నడిపే డాస్‌బాక్స్ లాంటిదాంట్లో నడిపి చూసుకోమనండి.

ఫాంట్ల సంగతి చాలామంది కనిపెట్టరు. ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల యూఐ. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లను ఐచ్ఛికం చేశారు. అంటే అడిగితేనే వస్తాయి. నాన్నగారు పదేళ్ల క్రితం గౌతమిలో కొట్టిన దస్తావేజు నమూనా కొత్త మెషిన్‌లో తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి కానీ నిర్మలలో కనిపిస్తాయి. రెండింటి వెడల్పు, ఎత్తు ఒకటి కాదు. రెండు పేజీల్లో సరిగ్గా సరిపోయిన దస్తావేజు మూడో పేజీలోకి రెండు వరుసలు జారుతుంది, సాక్షుల సంతకాలు విడిగా పడతాయి. కస్టమర్ ఎదురుగా ఉండగా ఇది చూస్తే ఎంత టెన్షనో నాకు తెలుసు. మందు తేలికే: సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకోండి, రెండూ వచ్చేస్తాయి.

యూనికోడ్ (ఏ మెషిన్‌లోనైనా తెలుగు ఒకేలా చదవగలిగే ప్రమాణం) కాని పాత డీటీపీ ఫాంట్లు ఫాంట్లుగా ఎక్కడైనా పనిచేస్తాయి. పేచీ వచ్చేది వాటితో వచ్చే కీబోర్డ్ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌కి, దానికి గుచ్చే డాంగిల్‌కి. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంటుంది. పాత డ్రైవర్ దాని నియమాలకు సరిపడకపోతే ఎక్కనివ్వదు. డాంగిల్ లైటు వెలుగుతుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం డాంగిల్ లేదంటుంది. అప్పుడు నెట్‌లో ఎవరో చెప్పారని ఆ రక్షణ ఆపేయకండి. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను కొత్త డ్రైవర్ అడగండి. అది దొరికే దాకా విండోస్ 10లోనే ఉండటం తప్పు కాదు.

ఇంకో ముఖ్యమైన మాట, దీన్ని అసలు తేలిగ్గా తీసుకోవద్దు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే చాలా మెషిన్లలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడుతుంది. దొంగ చేతికి చిక్కితే మంచిదే. కానీ బయోస్ (మెషిన్‌ని లేపే ప్రోగ్రామ్) మార్చినా, బోర్డు మార్చినా అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. పోయిన ఏడాది ఒకావిడ ల్యాప్‌టాప్ తెచ్చారు. అందులో కూతురి పెళ్లి ఫొటోలు. నీలం తెర మీద కీ అడుగుతోంది. కొన్న షాపులో సేల్స్ కుర్రాడు తొందరలో తన మెయిల్‌తోనే ఖాతా తెరిచి ఇచ్చాడు, ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడు. కీ ఆ మెయిల్ ఖాతాలో ఉంది. మూడు వారాలు తిరిగి అతన్ని పట్టుకున్నాం కాబట్టి ఫొటోలు దక్కాయి. అతను దొరక్కపోతే నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా దానికి దారి లేదు. మీరు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ చూసి, కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి.

ఇంట్లో ఐ5 సంగతి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేని మెషిన్లకు విండోస్ 11 లేదని 2021లోనే చెప్పారు. జనం కోపాల్లో ఇది న్యాయమైన కోపం. 2017లో డబ్బు పెట్టి కొన్న ఏడో తరం మెషిన్ కూడా నాలుగేళ్లకే పనికిరాని జాబితాలో పడింది, పైగా దానికి ఏ జబ్బూ లేదు. అడ్డదారిలో వేసే పద్ధతులు ఉన్నాయి, కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. చెల్లెలి చదువుకి అది వద్దు. విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకోవచ్చు. మెషిన్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆ తర్వాత అందులో ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) లేకపోతే ఒకటి వేయించి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ పెట్టుకుంటే బ్రౌజర్, వీడియో క్లాసులు, రాసుకోవడం అన్నీ హాయిగా నడుస్తాయి.

షాపు కంప్యూటర్‌కి రోజు ఎంచుకోవడం ముఖ్యం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సీజన్‌లో వద్దు, జీఎస్టీ రిటర్న్‌ల కోసం జనం వచ్చే ఇరవయ్యో తేదీ ముందు వద్దు. శనివారం సాయంత్రం షాపు కట్టేసే ముందు డీ డ్రైవ్‌తో పాటు సీలోని డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు ఆ డిస్క్ నుంచే తెరిచి చూడండి. ఆ తర్వాత డిస్క్‌ని మెషిన్ నుంచి పీకి పక్కన పెట్టండి. ఆదివారం అప్‌గ్రేడ్ వేయండి. అయ్యాక మొదట ప్రింటర్, స్కానర్, డాంగిల్, ఒక పాత దస్తావేజు, నాన్నగారు ఎక్కువగా వాడే రెండు ప్రభుత్వ సైట్లు, ఈ వరుసలో చూడండి. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకునే సైటు ఏదైనా ఉంటే, ఎడ్జ్ బ్రౌజర్‌లోని ఐఈ మోడ్‌లో తెరవచ్చు. అది కనీసం 2029 వరకు ఉంటుంది.

ఏది తేడా కొట్టినా వెనక్కి వెళ్లడానికి పది రోజులు గడువు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అక్కడ 'గో బ్యాక్'. ఆ పది రోజుల్లో స్థలం కోసమని డిస్క్ క్లీనప్ చేయకండి. విండోస్ ఓల్డ్ ఫోల్డర్ తుడిచేస్తే వెనక్కి దారి మూసుకుపోతుంది. ఆ గడువులో నాన్నగారు ఏ పని దగ్గర ఆగిపోయారో రోజూ సాయంత్రం అడిగి రాసుకోండి. "నీకు తెలియదులే నాన్నా, ఇక్కడ నొక్కాలి" అని మాత్రం అనకండి. ఆయన ఎక్కడ తడబడ్డారో అక్కడే ఏ సెట్టింగ్ మార్చాలో తెలుస్తుంది.

అప్‌గ్రేడ్ వేసే ముందు స్కానర్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు, ఏ తెలుగు ఫాంట్లు వాడుతున్నారో వాటి పేర్లు, డాంగిల్ మీద రాసి ఉన్నది ఇక్కడ పెట్టండి. 64 బిట్ డ్రైవర్లు ఉన్నాయో లేవో చూసి చెబుతాను. అప్పటి దాకా తెర మీద వచ్చే ఆ అప్‌గ్రేడ్ సందేశానికి 'ఇప్పుడు కాదు' అనే నొక్కండి.